చదువుకి వికలాంగులం, ఉద్యోగానికి కాదా?



పోస్టు కొంచెం పెద్దదే. సగం చదివి లైక్ కొట్టి వెళ్లిపోకండి. ఇది మన రక్తానికి సంబంధించిన విషయం. మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే రక్తానికి సంబంధించింది.

ఈమధ్య ఒక తమ్ముడు ఉద్యోగ నోటిఫికేషన్ పట్టుకొని మా దగ్గరికొచ్చాడు. "అన్నా, నాకు సికిల్ సెల్ ఉంది. సర్టిఫికెట్‌లో 45 శాతం వేశారు. కాలేజీ సీటు వికలాంగుల కోటాలోనే వచ్చింది. ఈ అప్లికేషన్‌లో ఏ ఆప్షన్ పెట్టాలి?" అని అడిగాడు. మేం నలుగురం కూర్చొని నోటిఫికేషన్ మొదటి నుంచి చివరిదాకా చదివాం. చూపు లేనివాళ్లకి ఆప్షన్ ఉంది. వినికిడి లేనివాళ్లకి ఉంది. కాళ్లూ చేతులూ దెబ్బతిన్నవాళ్లకి ఉంది. ఆటిజం, మేధో వైకల్యం, మానసిక జబ్బు ఉన్నవాళ్లకి ఉంది. సికిల్ సెల్ లేదు. రెండోసారి చదివాం. అప్పుడూ లేదు.

"ఏం పెట్టొద్దు తమ్ముడూ, ఎస్టీ అని మాత్రం పెట్టు" అని చెప్పి పంపించాం. వాడు "సరే అన్నా" అని వెళ్లిపోయాడు. గొడవ పెట్టుకోలేదు, బాధపడినట్టు కూడా కనిపించలేదు. మనవాళ్లు ఇలాంటివాటికి అలవాటుపడిపోయారు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ పోస్టు.

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఎవరో చెప్పిన మాట కాదు, సెక్షన్ నంబర్లతో సహా రాస్తున్నాం. మీరూ తీసి చదవండి.

1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. దాని స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యని 21కి పెంచింది. ఆ 21లో మూడు రక్త సంబంధ జబ్బులు ఉన్నాయి. హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్. అప్పుడు మనలో చదువుకున్నవాళ్లు చాలామంది సంతోషపడ్డారు. మన జబ్బుకి మొదటిసారి చట్టంలో చోటు దొరికింది కదా అని.

కానీ ఆ చట్టానికి ముందు గది ఒకటి, లోపలి గది ఒకటి. సెక్షన్ 32 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకి 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వాలి. ఇందులో 21 రకాలూ వస్తాయి. సికిల్ సెల్ కూడా వస్తుంది. సెక్షన్ 34 దగ్గరికొస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం. అందులో చూపు సమస్యలకి 1, వినికిడి సమస్యలకి 1, కదలిక వైకల్యాలకి 1, మిగతా 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో వైకల్యం, మానసిక జబ్బు ఉన్నవాళ్లకీ, ఈ చెప్పినవాటిలో ఒకటికి మించి ఉన్నవాళ్లకీ. అంతే. రక్తం జబ్బులు బయటే ఉండిపోయాయి.

అంటే అదే మనిషి, అదే జబ్బు, అదే సర్టిఫికెట్. కాలేజీ గేటు దగ్గర వికలాంగుడు. ఉద్యోగం గేటు దగ్గర మామూలు మనిషి. మరి మధ్యలో జబ్బు నయమైపోయిందా?

ఇంకో సంగతి. 2014లో రాజ్యసభలో పెట్టిన బిల్లులో ఉద్యోగ రిజర్వేషన్ 5 శాతం అని ఉంది. 2016లో చట్టం అయ్యేసరికి అది 4 శాతం అయింది. పోయిన ఆ 1 శాతం ఎవరిదో ఇప్పుడైనా అడగాలి కదా.

ఇక ఈ జబ్బు ఎవరిదో చూద్దాం. మన దేశంలో సికిల్ సెల్‌ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల్లోని ఆదివాసీల్లో. ఈరోజు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖే చెబుతున్న లెక్క ఏంటంటే, ఎస్టీల్లో పుట్టే ప్రతి 86 మందిలో ఒకరికి ఈ జబ్బు. మలేరియా ఉన్న అడవుల్లో తరతరాలుగా బతికిన జాతుల్లో ఇది ఎక్కువ. ఎందుకంటే ఒక్క జన్యువు మాత్రమే ఉన్న వాహకుల్ని అది ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత కాపాడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే జబ్బు. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. మన పూర్వీకులు మన్యం జ్వరాలతో పోరాడి బతికారు. ఆ గుర్తు మన రక్తంలో ఉండిపోయింది.

జబ్బు ఉన్నవాళ్లతో హాస్టల్‌లో ఉన్నవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలి ఆకారంలోకి మారుతుంది. సన్నని రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. ఎముకల్లో, కీళ్లలో నొప్పి మొదలవుతుంది. చలి ఎక్కువైనా, నీళ్లు తక్కువ తాగినా, ఒళ్లు బాగా అలిసినా వస్తుంది. డిసెంబర్ నెలలో లంబసింగి వైపు, అరకు వైపు ఆశ్రమ పాఠశాలలో నేల మీద పడుకునే పిల్లాడికి అది ఎలా ఉంటుందో ఆలోచించండి. కళ్లు పచ్చబడతాయి. కొందరికి తుంటి ఎముక దెబ్బతిని చిన్న వయసులోనే కుంటుతారు. కొందరికి చిన్నతనంలోనే పక్షవాతం వస్తుంది. వారం రోజులు మంచం మీద, తర్వాతి వారం బాగానే తిరుగుతుంటాడు. అందుకే చూసేవాళ్లకి ఇది నాటకంలా కనిపిస్తుంది. "నిన్న వాలీబాల్ ఆడావు, ఇవాళ పరీక్ష అనగానే నొప్పా?" ఈ మాట వినని సికిల్ సెల్ విద్యార్థి మాకు ఇంతవరకూ కనబడలేదు.

ప్రభుత్వానికి ఇది తెలియదా అంటే తెలుసు. బాగానే తెలుసు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. మూడేళ్లలో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బుని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకున్నారు. మన రెండు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. మన ఊళ్లకీ వచ్చారు, వేలు గుచ్చి రక్తం తీశారు, కార్డులు ఇచ్చారు. మంచిదే. మేం దాన్ని తప్పుపట్టడం లేదు. పరీక్ష చేయించుకోండి అని ఊరూరా చెప్పినవాళ్లలో మన గ్రూపువాళ్లూ ఉన్నారు.

కానీ అడగాల్సింది అడగాలి. 2047లో ఎవరికీ రాకుండా చేస్తారు సరే, ఇప్పుడు ఉన్నవాళ్ల సంగతేంటి? జబ్బుని నిర్మూలించడానికి ఒక మిషన్ ఉంది. జబ్బుతో బతుకుతున్న మనిషికి ఏముంది? చేతికిచ్చిన ఆ కార్డు వికలాంగ సర్టిఫికెట్ కాదు. దాన్ని చూపిస్తే పెన్షన్ రాదు, సీటు రాదు, బస్ పాస్ రాదు. దానికోసం మళ్లీ వేరే దరఖాస్తు, వేరే క్యాంపు, వేరే ఆసుపత్రి. పరీక్ష కోసం మన గుమ్మం దాకా వచ్చిన ప్రభుత్వం, హక్కు కోసం మాత్రం మమ్మల్నే కొండ దిగి రమ్మంటోంది.

కొండ దిగితే ఏమవుతుందో కూడా చెబుతాం. మాకు తెలిసిన ఒక అక్క కథ ఇది. పేరు రాయం. సికిల్ సెల్ ఉన్నట్టు నిర్ధారణ అయింది. తెల్లవారుజామున ఊరి నుంచి నడిచి, జీపెక్కి, బస్సెక్కి మైదానంలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లింది. మొదటిసారి "డాక్టర్ లీవులో ఉన్నారు" అన్నారు. రెండోసారి వెళ్తే బోర్డు కూర్చుంది. "ఏడాదిలో ఎన్నిసార్లు అడ్మిట్ అయ్యావు? ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు? కాగితాలు చూపించు" అన్నారు. అక్క దగ్గర రెండు చీటీలు ఉన్నాయి. మిగతా నొప్పులన్నీ ఇంట్లో, పొయ్యి పక్కన, వేడి గుడ్డ కాపడం పెట్టుకుంటూ పడింది. వానాకాలంలో వాగు పొంగితే డోలీ కట్టినా దాటలేని ఊరు అది. ఇంట్లో పడ్డ నొప్పికి డిశ్చార్జి సమ్మరీ ఎవరిస్తారు? ఆమెకి 40 శాతం లోపే వేశారు.

ఇక్కడ మెలిక గమనించండి. ఆసుపత్రికి ఎంత దూరంగా ఉంటే అన్ని తక్కువ కాగితాలు. కాగితాలు ఎంత తక్కువైతే అంత తక్కువ శాతం. శాతం తక్కువైతే హక్కు లేదు. అంటే పట్నంలో ఆసుపత్రి పక్కన ఉన్న రోగి కంటే, వైద్యం అందక ఎక్కువ బాధపడ్డ మన మనిషి చట్టం దృష్టిలో తక్కువ వికలాంగుడు! డాక్టర్ల మీద మాకు కోపం లేదు. వాళ్లు నిబంధన ప్రకారమే వేశారు. ఆ నిబంధన రాసినవాళ్ల మీదే మా కోపం.

ఇది పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండే జబ్బు. అయినా సర్టిఫికెట్ ఒకప్పుడు ఏడాదికే చెల్లేది. అడగ్గా అడగ్గా మూడేళ్లు చేశారు. మూడేళ్లకోసారి వెళ్లి "అయ్యా, నా రక్తం ఇంకా మారలేదు" అని చెప్పుకోవాలా? పోనీ పని తొందరగా అవుతుందా అంటే, 2017 నిబంధనల్లో దరఖాస్తు చేసిన నెలలోగా సర్టిఫికెట్ ఇవ్వాలని ఉంటే, 2024 సవరణలో దాన్ని మూడు నెలలు చేశారు. వ్యవస్థ ముందుకు నడవాల్సింది పోయి వెనక్కి నడుస్తోంది.

ఇప్పుడు మనలోనే వచ్చే మూడు వాదనలకి జవాబు చెప్పుకుందాం.

మొదటిది, "ఎస్టీ రిజర్వేషన్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అనేది. ఎస్టీ రిజర్వేషన్ మనం పుట్టిన జాతికి జరిగిన అన్యాయానికి. వికలాంగ రిజర్వేషన్ ఒంటికి ఉన్న అడ్డంకికి. రెండూ వేరు. పైగా వికలాంగుల కోటా అడ్డంగా నడిచేది. అంటే అందులో ఎంపికైన ఎస్టీ అభ్యర్థిని ఎస్టీ లెక్కలోనే సర్దుతారు. బయటివాళ్ల వాటా ఏమీ తగ్గదు. ఎస్టీలో ఆరోగ్యంగా ఉన్నవాడితో, నెలకి వారం మంచాన పడేవాడు సమానంగా పోటీ పడాలనడం ఏం న్యాయం? మనకి జరిగితే అన్యాయం అంటాం, మనలో బలహీనుడికి జరిగితే మాట్లాడమా?

రెండోది, "ఇది ఆరోగ్య సమస్య, వైకల్యం కాదు" అనేది. అలా అనుకోవడం 2016తో పోయింది. ఇండియా 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం ఏం చెబుతుందంటే, వైకల్యం ఒంట్లో మాత్రమే లేదు, ఆ ఒంటికీ సమాజం పెట్టే అడ్డంకులకీ మధ్య ఉంది అని. కిటికీలకి తలుపుల్లేని హాస్టల్, నీళ్లు రాని కుళాయి, హాజరు తగ్గితే పరీక్షకి రానివ్వని కాలేజీ, రోడ్డు లేని ఊరు. ఇవన్నీ కలిస్తేనే మా తమ్ముడు వికలాంగుడయ్యాడు.

మూడోది మైదానం నుంచి వచ్చే వాదన. "ఉన్న 4 శాతంలో మీరూ వస్తే ఇప్పుడున్నవాళ్లకి తగ్గిపోతుంది" అని. చూపు లేని అన్న ముద్ద లాక్కొని మేం తినం. ఆ 4 అలాగే ఉంచండి. రక్తం జబ్బులకి వేరే 1 శాతం కలపండి. 2014 బిల్లులో ఉన్న 5నే అడుగుతున్నాం, కొత్తగా ఏమీ అడగడం లేదు.

ఇక అసలు విషయం, జాతీయ విధానం. ఇప్పటిదాకా దేశానికి ఉన్న జాతీయ వికలాంగుల విధానం 2006 నాటిది. ఏడు వైకల్యాల చట్టం ఉన్న రోజుల్లో రాసింది. కొత్త విధానం ముసాయిదా 2022లో జనం ముందు పెట్టారు. అది ఎటు వెళ్లాలి అన్నది ఢిల్లీలో, హైదరాబాద్‌లో, అమరావతిలో ఉన్నవాళ్లు మాత్రమే తేల్చే విషయం కాకూడదు. 2015 డిసెంబర్ 3న సుగమ్య భారత్ మొదలుపెట్టి బిల్డింగులకి ర్యాంపులు, లిఫ్టులు, వెబ్‌సైట్ల గురించి మాట్లాడారు. అవి కావాలి, కాదనం. కానీ మన ఊరికి రోడ్డే ర్యాంపు. ట్రైసైకిల్ ఇస్తే దాన్ని కొండ బాట మీద ఎక్కడ తోలుతాం? చెవి వినపడని పిల్ల ఇంట్లో కువి, కోయ, సవర మాట్లాడే అమ్మానాన్నల మధ్య పెరుగుతుంటే, ఆ పిల్లకి సైగల భాష నేర్పే టీచర్ ఏ ఆశ్రమ పాఠశాలలో ఉన్నారు? కేంద్రం ఇచ్చే వికలాంగ పెన్షన్ వాటా 2012 నుంచి ఇప్పటికీ నెలకి 300 రూపాయలే, అదీ 80 శాతం దాటిన పేదలకే. మన రాష్ట్రాలు అంతకంటే చాలా ఎక్కువ ఇస్తున్నాయి, నిజమే. కానీ అదంతా సర్టిఫికెట్ చేతికొచ్చాక మాట.

లెక్క సంగతి కూడా చూడండి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు. ఎస్టీల్లో 2.05 శాతం, ఎస్సీల్లో 2.45 శాతం. ఆ లెక్క చూసి "ఆదివాసీల్లో వైకల్యం తక్కువ" అనేస్తారు. కానీ అప్పుడు అడిగింది ఎనిమిది రకాల గురించే. సికిల్ సెల్ అనే మాటే ఆ ఫారంలో లేదు. అడగనిది లెక్కలోకి ఎలా వస్తుంది? 2027 జనగణనలో కూడా అడగకపోతే, ఇంకో పదేళ్లు మనం ఉన్నా లేనట్టే.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. చర్చించండి, తప్పుంటే దిద్దండి, ఇంకేమైనా ఉంటే కలపండి.

1. సెక్షన్ 34ని సవరించి సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా ఉన్నవాళ్లకి ఉద్యోగాల్లో వేరుగా 1 శాతం ఇవ్వాలి. కొత్త జాతీయ విధానం ఈ మాట స్పష్టంగా రాయాలి.

2. ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో జబ్బు నిర్ధారణ అయినవాళ్లకి శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆసుపత్రి కాగితాలు లేవని శాతం తగ్గించకూడదు. ఏఎన్ఎం, ఆశా రాసిన రికార్డు, హాస్టల్ హాజరు పట్టీ కూడా ఆధారంగా తీసుకోవాలి.

3. మెడికల్ బోర్డు నెలకోసారి ఏజెన్సీకి రావాలి. సంత రోజు, సంత ఊళ్లోనే కూర్చోవాలి. బాధ్యత ఐటీడీఏది కావాలి.

4. చట్టంలోని సెక్షన్ 17 ప్రకారం బడి పిల్లల్లో వైకల్యాల సర్వే ఐదేళ్లకోసారి చేయాలి. ప్రతి ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో ఎప్పుడు చేశారో, ఏం తేలిందో బయటపెట్టాలి.

5. 2027 జనగణనలో 21 వైకల్యాలూ అడగాలి. ఎస్టీల లెక్క తెగలవారీగా ఇవ్వాలి.

6. చట్టం ప్రకారం కేంద్ర సలహా బోర్డులో కనీసం ఒక ఎస్టీ సభ్యుడు ఉండాలి. ఆ మనిషి ఎవరు, మన తరఫున ఏం మాట్లాడారు, మనకి తెలియాలి.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోక్కర్లేదు. ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. 40 శాతం రాలేదని ఊరుకోకండి. 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పరీక్షల్లో తగిన సౌకర్యం అడిగే హక్కు 40 శాతం దాటినవాళ్లకే పరిమితం కాదని. అందువల్ల పరీక్షలో అదనపు సమయం, నీళ్లు, నొప్పి వచ్చినప్పుడు విరామం కావాలని రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే నోటితోనే లేదంటారు. ఉత్తరం రాస్తే జవాబు రాయాల్సి వస్తుంది. ఊళ్లో పెసా గ్రామసభ ఉంది కదా, మూడో డిమాండ్ మీద తీర్మానం చేయించి ఐటీడీఏ పీవోకి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి పంపండి. ఒక్క ఊరు పంపితే ఫైల్లో పడుతుంది. వంద ఊళ్లు పంపితే ఎవరో ఒకరు చదవాల్సి వస్తుంది.

ఒక జాగ్రత్త. ఎవరికి సికిల్ సెల్ ఉందో పేర్లు గ్రూపులో పెట్టొద్దు. సాయం కావాలంటే నేరుగా మెసేజ్ చేయండి. పరీక్ష కార్డు చూసి పెళ్లి సంబంధాలు వెనక్కి పోయిన చెల్లెళ్లు ఉన్నారు. వాహకులు అంటే రోగులు కాదు. వాళ్లు మామూలుగానే బతుకుతారు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకునే ముందు సలహా తీసుకోవాలి, అంతే. అబ్బాయి కార్డు దాచి అమ్మాయి కార్డు మాత్రం అడిగే పెద్దమనుషులకి ఈ మాట గట్టిగానే చెప్పండి. ప్రభుత్వాన్ని న్యాయం అడుగుతూ మన చెల్లెళ్లకి మనమే అన్యాయం చేస్తే ఆ అడగడానికి విలువుండదు.

మొదట చెప్పిన తమ్ముడు ఇప్పుడు ఎస్టీ కోటాలోనే చదువుతున్నాడు. నొప్పి లేని రోజుల్లో లైబ్రరీలో, నొప్పి ఉన్న రోజుల్లో దుప్పటి కప్పుకొని మంచం మీదే పుస్తకం. వాడికి ఉద్యోగం రావాలని కోరుకుందాం. కానీ వాడి తర్వాత ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి చదువుతున్న పిల్లాడు అప్లికేషన్ నింపే రోజుకైనా, ఆ కాలమ్‌లో వాడి జబ్బు పేరు ఉండాలి. అది మన చేతుల్లో ఉన్న పని.

చదివినవాళ్లు మీ ఊళ్లో గ్రామసభ ఎప్పుడో కామెంట్‌లో రాయండి. తీర్మానం నమూనా మేం రాసి పెడతాం.

జై ఆదివాసీ!